బీమిమ్ పీఎఫ్6 పాత సీసా లోపల గాజు మసకబారింది, వాడొచ్చా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెబుతాను. మీరు పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నారు. సీనియర్ ఎవరో వెళ్లిపోతూ అరలో వదిలేసిన బీమిమ్ పీఎఫ్6 సీసా మీకు దొరికింది. ఇది ఒక అయానిక్ లిక్విడ్, అంటే తక్కువ వేడికే కరిగి ద్రవమయ్యే ఉప్పు. లేబుల్ మీద తేదీ నాలుగేళ్ల కిందటిది. మూత తీస్తే ముక్కుకి ఘాటుగా తగిలింది, లోపలి గాజు మంచు పట్టినట్టు మసకగా ఉంది. గైడ్‌ని అడిగితే "అది గ్రీన్ సాల్వెంట్, ఆవిరే కాదు, హుడ్ కూడా అక్కర్లేదు, రోటాలో పెట్టి నీళ్లు లాగేసి వాడుకో" అన్నారు. గ్రీన్ అంటే పర్యావరణానికి హాని లేనిదని, హుడ్ అంటే ఆవిర్లని బయటికి లాగేసే అర, రోటా అంటే వాక్యూమ్‌లో వేడి చేసి ద్రవాన్ని ఆవిరిగా లాగేసే పరికరం. అలా చేయొచ్చా అన్నది ప్రశ్న.

వద్దు. ఆ సీసాని వేడి చేయకండి, రోటాలో పెట్టకండి, మళ్లీ మూత తీసి వాసన చూడకండి. అందులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, అంటే మనం లాబ్‌లో హెచ్ఎఫ్ అనేది, తయారైందనే అనుకుని మసలుకోండి. సల్ఫ్యూరిక్ ఆమ్లం ఇరవై ఏళ్లు సీసాలో కూర్చున్నా గాజు గాజులాగే ఉంటుంది. ఆమ్లాల్లో మామూలు గది వేడిలో గాజుని తినేది హెచ్ఎఫే. మీ సీసా మసకబారిందంటే లోపల ఏం జరుగుతోందో అదే రాసి చూపిస్తోంది.

ఇంకొక మాట, ఇది మిగతా అన్నిటికంటే ముందు. మూత తీసినప్పుడు చేతికి గ్లవ్స్ ఉన్నాయా? మూత అంచున జిడ్డుగా ఉన్నది వేళ్లకి తగిలిందా? తగిలి ఉంటే, ఇప్పుడు నొప్పి లేకపోయినా సరే, ఈ సమాధానం చదవడం ఆపి కింద ప్రథమ చికిత్స గురించి రాసిన పేరాకి వెళ్లండి. పలచని హెచ్ఎఫ్ తగిలితే నొప్పి మొదలవడానికి ఒక్కోసారి ఇరవై నాలుగు గంటలు కూడా పడుతుంది.

నా సంగతి రెండు ముక్కల్లో. హైదరాబాద్‌లో ఒక లాబ్‌లో ఐదేళ్లు ఈ అయానిక్ లిక్విడ్స్ మీదే పీహెచ్‌డీ చేశాను. ఆ తర్వాత పదకొండేళ్లుగా బల్క్ డ్రగ్ రంగంలో ప్రాసెస్ సేఫ్టీ చూస్తున్నాను. మీ గైడ్ చెప్పిన మాటే మొదటి ఏడాది నాకూ చెప్పారు, నేనూ నమ్మాను. ఆయన అబద్ధం చెప్పారని కాదు. 1990ల చివర్లో, 2000ల మొదట్లో వచ్చిన పేపర్లలో సగం వాటి మొదటి పేరా అదే: ఆవిరి ఒత్తిడి లేదు, మంట అంటుకోదు, కాబట్టి గ్రీన్. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టు ఆ పేరు అలా అతుక్కుపోయింది.

ఇంతకీ సీసాలో ఏం జరిగింది

బీమిమ్ పీఎఫ్6 అంటే ఒక ఉప్పు. ధన అయాన్ 1-బ్యూటైల్-3-మిథైల్ఇమిడజోలియం, రుణ అయాన్ హెక్సాఫ్లోరోఫాస్ఫేట్. నీళ్లలో కలవదు, నీటి కంటే బరువు, సెపరేటింగ్ ఫనెల్‌లో అడుగున కూర్చుంటుంది. నీళ్లలో కలవదు కదా, ఇక నీటితో దీనికేం పని అని చాలామంది అనుకుంటారు. అది నీటిలో కలవకపోయినా నీరు దానిలో కలుస్తుంది. తడి గాలిలో వదిలేసినా, నీటితో కడిగినా, బరువులో ఒక శాతానికి పైగా నీళ్లు పీల్చుకుని కూర్చుంటుంది. జులై, ఆగస్టు నెలల్లో మన హైదరాబాద్ గాలి సంగతి, ఏడాది పొడవునా విశాఖ గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఆ నీళ్లు పీఎఫ్6ని మెల్లగా విడగొడతాయి. మామూలు వేడిలో, ఆమ్లం లేనప్పుడు ఇది చాలా నిదానం. అందుకే శుభ్రంగా తయారైన సీసా ఏళ్ల తరబడి బాగానే ఉంటుంది, ఎవరికీ ఏమీ కాదు. అయితే ఆమ్లం ఉంటే వేగం పెరుగుతుంది, వేడి చేస్తే ఇంకా పెరుగుతుంది. విడిపోయినప్పుడు పుట్టేది హెచ్ఎఫ్, అది ఆమ్లమే. అంటే కొంచెం పుడితే, అదే ఇంకొంచెం పుట్టడానికి తోడు. పైగా గాజు సీసా ఊరికే చూస్తూ కూర్చోదు. హెచ్ఎఫ్ గాజులోని సిలికాని తింటే సిలికాన్ టెట్రాఫ్లోరైడ్‌తో పాటు నీళ్లు పుడతాయి. ఆ నీళ్లు మళ్లీ పీఎఫ్6 దగ్గరికే వెళ్తాయి. ఒక చిన్న లెక్క వేసి చూడండి. 100 గ్రాముల సీసాలో ఒక్క శాతం పీఎఫ్6 పూర్తిగా విడిపోయినా, ఒక్కో దానికి ఆరు ఫ్లోరిన్‌ల చొప్పున దాదాపు 420 మిల్లీగ్రాముల హెచ్ఎఫ్. నిజానికి సగంలోనే ఆగిపోయిన ముక్కలు కూడా ఉంటాయి కాబట్టి అంత రాకపోవచ్చు. వేలి చివర కాలడానికి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు.

ఇది నా ఊహ కాదు. 2003లోనే అమెరికాలో రోజర్స్ అనే శాస్త్రవేత్త బృందం ఈ బీమిమ్ పీఎఫ్6 విడిపోయి, బీమిమ్ ఫ్లోరైడ్ హైడ్రేట్ స్ఫటికాలు రావడం చూసి, అయానిక్ లిక్విడ్స్ అన్నీ గ్రీన్ అనుకోకండి అని పేపర్ రాసింది. ఇరవై ఏళ్లు దాటింది, లాబ్‌లలో మాత్రం పాత మాటే నడుస్తోంది.

మరి ఒకరి సీసా నాలుగేళ్లు బాగుండి, ఇంకొకరిది ఆరు నెలల్లో ఎందుకు పాడవుతుంది? నా అనుభవంలో పదికి తొమ్మిదిసార్లు కారణం తయారీలో ఉంటుంది. చాలా లాబ్‌లలో బీమిమ్ క్లోరైడ్‌కి 60 శాతం హెక్సాఫ్లోరోఫాస్ఫోరిక్ ఆమ్లం కలిపి దీన్ని చేస్తారు. తర్వాత నీటితో కడగాలి, కడిగిన నీళ్లలో ఆమ్లం లేదని తేలే దాకా కడగాలి. సాయంత్రం ఏడింటికి బస్సు ఉంటే నాలుగుసార్లు కడిగి "చాల్లే" అంటాం. ఆ మిగిలిన ఆమ్లమే ఏళ్ల తర్వాత మీ చేతికి వచ్చిన సీసాని ఇలా చేస్తుంది. కొన్న సీసా అయితే తయారీదారు ఎలా కడిగారో మనకి తెలియదు, ఎవరు ఎన్నిసార్లు మూత తీశారో అసలే తెలియదు.

"ఆవిరి కాదు" అంటే "ప్రమాదం లేదు" అని కాదు

మీ గైడ్ మాటలో అసలు తిరకాసు ఇక్కడ ఉంది. అయానిక్ లిక్విడ్ ఆవిరి కాకపోవచ్చు, దాన్నుంచి పుట్టిన హెచ్ఎఫ్ మరిగేది దాదాపు 20 డిగ్రీల దగ్గరే. రోటాలో 80 డిగ్రీల బాత్ పెట్టి వాక్యూమ్ లాగితే బయటికి వచ్చేది నీళ్లు ఒక్కటే కాదు. అది కండెన్సర్ గాజు గుండా, పంపు గుండా వెళ్లి, హుడ్ లేకపోతే మీ ముఖం ముందుకే వస్తుంది. పైగా ఆవిరే కాదు అన్నది కూడా పూర్తి నిజం కాదు. కొన్ని అయానిక్ లిక్విడ్స్‌ని తక్కువ ఒత్తిడిలో డిస్టిల్ చేసి చూపించారు, 2006లో నేచర్ పత్రికలోనే వచ్చింది. మంట అంటుకోదు అన్నదానికీ అదే ఏడాది జవాబు వచ్చింది. బాగా వేడి చేస్తే ఇవి విడిపోయి, ఆ ముక్కలు మండుతాయని స్మిగ్లాక్, రోజర్స్ వాళ్లు చేసి చూపించారు.

ఇంకొకటి, ఇది పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది, నాకు మాత్రం ఇదే ముఖ్యం. ఆవిరి కాకపోవడమే ఒక ప్రమాదం. ఎసిటోన్ బెంచ్ మీద ఒలికితే రెండు నిమిషాల్లో పోతుంది. అయానిక్ లిక్విడ్ చుక్క పడితే అది అక్కడే ఉంటుంది. రేపూ ఉంటుంది, వచ్చే నెలా ఉంటుంది. రంగు లేదు, ఈ రకాల్లో చాలావాటికి వాసన కూడా లేదు, ఆముదం చుక్కలా మెరుస్తుంది అంతే. మా లాబ్‌లో ఒకసారి యూవీ టార్చ్ పట్టుకుని సరదాగా తిరిగాం. ఒక జూనియర్ ఫ్లోరసెంట్ డై కరిగించిన బీమిమ్ ఉప్పుతో వారం రోజులు పని చేస్తోంది. బ్యాలెన్స్ తలుపు, డ్రాయర్ పిడి, రిజిస్టర్ పక్కన కట్టిన పెన్ను, ఆమె ఫోన్ వెనక కవరు, అన్నిటి మీదా చిన్న చిన్న పచ్చటి వేలిముద్రలు. ఫోన్ చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. అదే ఫోన్ పట్టుకుని క్యాంటీన్‌లో ఇడ్లీ తిన్నానని గుర్తొచ్చిందట. ఆ రోజు నుంచి మా లాబ్‌లో గ్లవ్స్‌తో తలుపు తెరిస్తే పది రూపాయల జరిమానా. ఆ డబ్బుతో టీ తాగేవాళ్లం, మొదటి నెల టీ బాగానే నడిచింది.

ఫోన్ సంగతి ఎందుకంటే, ఈ అయానిక్ లిక్విడ్స్ కుటుంబంలో మింగితే విషం అయినవి ఉన్నాయి. బీమిమ్ క్లోరైడ్ తీసుకోండి. సెల్యులోజ్‌ని కరిగిస్తుందని 2002 నుంచి బాగా పేరొచ్చింది, బయోమాస్ లాబ్‌లలో కిలోలకొద్దీ వాడతారు. చూస్తే తెల్లటి మైనం ముద్దలా అమాయకంగా ఉంటుంది. దాని సేఫ్టీ డేటా షీట్‌లో మాత్రం మింగితే విషం అని పుర్రె గుర్తు ఉంటుంది, చర్మాన్ని, కళ్లని మండిస్తుందనీ ఉంటుంది. వానాకాలంలో తూకం వేసేలోపే తడి పీల్చి జారిపోతుంది, బ్యాలెన్స్ పళ్లెం చుట్టూ జిడ్డు చేస్తుంది. మూత పెట్టిన వయల్‌లో తూచండి, పళ్లెంలో కాదు.

ఈ ధన అయాన్‌ల తోక పొడుగయ్యే కొద్దీ, అంటే బ్యూటైల్ నుంచి ఆక్టైల్, డెకైల్ దాకా పోయే కొద్దీ, జీవకణాల పొరల్లోకి చొచ్చుకుపోవడం ఎక్కువవుతుంది, నీటి ప్రాణులకి విషం ఎక్కువవుతుంది. ఆక్టైల్ రకం గురించి 2018లో ఇంగ్లండ్ న్యూకాసిల్ పరిశోధకులు ఒక విషయం బయటపెట్టారు. ఒక చెత్త డంపు చుట్టుపక్కల మట్టిలో అది దొరికింది. ఒక రకం లివర్ జబ్బుని అది రేపుతుందేమోనన్న అనుమానం వాళ్లది. తేలిపోయిన విషయం కాదు, అనుమానమే. అయినా సింక్‌లో పోసే ముందు నాకు అది గుర్తొస్తుంది. మన సింక్ నుంచి వెళ్లింది చివరికి ఏ మూసీలోనో తేలుతుంది, ఇమిడజోలియం రకాలు అంత తేలిగ్గా కుళ్లిపోవు కూడా.

కాబట్టి చూడాల్సింది రుణ అయాన్‌ని

"అయానిక్ లిక్విడ్ సురక్షితమా?" అన్న ప్రశ్నకి జవాబు ఉండదు. "సాల్వెంట్ సురక్షితమా" అన్నట్టే అది. 100 డిగ్రీల లోపు కరిగే ఉప్పులన్నీ ఈ పేరు కిందికే వస్తాయి, 1914లో వాల్డెన్ అనే రసాయన శాస్త్రవేత్త చేసిన ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ నుంచి నిన్న మొన్న చేసిన కోలీన్ రకాల దాకా. నేను సీసా చేతికి తీసుకోగానే లేబుల్‌లో రెండో సగమే ముందు చదువుతాను.

పీఎఫ్6 సంగతి చెప్పాను. బీఎఫ్4, అంటే టెట్రాఫ్లోరోబోరేట్, ఇంకా తొందరగా విడిపోతుంది. నీటిలో కలిసిపోతుంది కూడా, అందుకని "సజల ద్రావణం" పేరుతో వేడి చేసేస్తుంటారు. నా లెక్కలో ఇది పీఎఫ్6 కంటే ప్రమాదం, ఎందుకంటే దీని మీద ఎవరికీ అనుమానం రాదు. ఎన్‌టీఎఫ్2, అంటే బిస్‌ట్రైఫ్లిమైడ్, నీటికి చలించదు, మీ పనికి నీటిలో కలవని ద్రవం కావాలంటే ఇదే నయం. ధర ఎక్కువ. దీనిలో ట్రైఫ్లోరోమిథైల్ గుంపులు ఉన్నాయి కాబట్టి ఓఈసీడీ అనే దేశాల కూటమి 2021లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం పీఫాస్ లెక్కలోకే వస్తుంది, అంటే పర్యావరణంలో ఎప్పటికీ పోని రకం. తక్షణ ప్రమాదం తక్కువ, చెత్త పారేసే బాధ్యత ఎక్కువ. ఎసిటేట్ రకాలు వీటన్నిటిలోకి కాస్త సాధువులు.

క్లోరోఅల్యూమినేట్ రకాలు, అంటే అల్యూమినియం క్లోరైడ్ కలిపినవి, నీటి చుక్క తగిలితే భగ్గుమని హైడ్రోజన్ క్లోరైడ్ పొగ కక్కుతాయి. గ్లవ్‌బాక్స్, అంటే తేమ చొరబడని మూసిన పెట్టె, లేనివాళ్లు వాటి జోలికి పోకూడదు. ఒక తమాషా ఏమిటంటే, అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ రిఫైనరీలో పెట్రోల్ తయారీలో ఆల్కైలేషన్ అనే మెట్టుకి వాడే హెచ్ఎఫ్‌ని తీసేసి 2021లో పెట్టింది ఈ రకం అయానిక్ లిక్విడ్‌నే. అక్కడ హెచ్ఎఫ్ బాధ తప్పించడానికి అయానిక్ లిక్విడ్, ఇక్కడ మీ సీసాలో అయానిక్ లిక్విడ్ నుంచి హెచ్ఎఫ్.

డైసయనమైడ్ గురించి ఒక్కటి. ఇది పలచగా ఉంటుంది, పని చేయడం సుఖం, అందుకే అందరికీ ఇష్టం. కానీ పొగలు కక్కే నైట్రిక్ ఆమ్లం తగిలితే దానంతటదే అంటుకుంటుంది. రాకెట్ ఇంధనంగా పనికొస్తుందని 2008లో అమెరికా వైమానిక దళ పరిశోధకులు పేపర్ వేశారు. ఇప్పుడు మీ లాబ్‌లో సింటర్డ్ ఫనెల్‌లు కడగడానికి నైట్రిక్ ఆమ్లం తొట్టి ఎక్కడుందో గుర్తు తెచ్చుకోండి. మా పక్క బెంచ్ కుర్రాడు అడుగున రెండు మిల్లీలీటర్లు మిగిలిన వయల్‌ని అందులో ముంచబోతుంటే చెయ్యి పట్టుకుని లాగాను. వాడికి కోపం వచ్చింది, కప్పు టీ ఒలికింది. తర్వాత పేపర్ చదివి వచ్చి సారీ చెప్పాడు. తొట్టిలో ఉన్నది పొగలు కక్కే రకం కాకపోవచ్చు, ఏమీ కాకపోయేదేమో. అది తేల్చుకోవడానికి వాడి చెయ్యి పెట్టి చూడాలని నాకు అనిపించలేదు.

ఆ సీసాని ఏం చేయాలి

మూత గట్టిగా ఉందేమో ముఖానికి దూరంగా పట్టి చూసుకుని, హుడ్ లోపల, మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో నిలబెట్టండి. చుట్టూ కాల్షియం కార్బొనేట్ పొడి పోయండి, కారినా పట్టుకుంటుంది. సీసా మీద "హెచ్ఎఫ్ ఉండొచ్చు, తెరవొద్దు" అని పెద్దగా రాయండి, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ. సాయంత్రం ఊడ్చడానికి వచ్చే ఆంటీకి బీమిమ్ అంటే ఏమిటో తెలియాల్సిన అవసరం లేదు, తాకకూడదని తెలిస్తే చాలు. తర్వాత మీ సంస్థ ప్రమాదకర వ్యర్థాల పద్ధతిలో అప్పగించండి, 2016 నిబంధనలు వచ్చాక ప్రతి సంస్థకీ ఒక దారి ఉండాలి. వేరే ఆమ్ల వ్యర్థాల డబ్బాలో కలపొద్దు.

కడిగి బాగు చేయొచ్చా అని మీరు అడుగుతారు, ఎందుకంటే నేనూ అడిగాను. ప్లాస్టిక్ ఫనెల్‌లో నీటితో పదేపదే కడిగి బాగు చేయొచ్చు, చేశాను కూడా. ఫ్లోరిన్ ఎన్ఎంఆర్ అనే పరీక్షలో పీఎఫ్6 దగ్గర, మైనస్ 72 ప్రాంతంలో వచ్చే జంట గీత ఒక్కటే ఉందా, పక్కన పిల్ల గీతలు ఉన్నాయా అని చూస్తే ఎంత శుభ్రమైందో తెలుస్తుంది. కానీ నా సలహా వద్దనే. కడిగిన నీళ్లన్నీ మళ్లీ హెచ్ఎఫ్ వ్యర్థమే. యాభై గ్రాముల కోసం ఐదు లీటర్ల తలనొప్పి.

ముందుముందు పీఎఫ్6 తప్పదంటే కొన్ని అలవాట్లు చేసుకోండి. గాజులో నిల్వ వద్దు, పాలీప్రొపిలీన్ లేదా టెఫ్లాన్ సీసా వాడండి, మూత తీసిన ప్రతిసారీ తేదీ రాయండి. వాడే ముందు తడిపిన పీహెచ్ పేపర్‌ని ద్రవం పైన గాలిలో ఒకసారి, ద్రవం ఒక చుక్క నీటితో కలిపి చిలికి ఆ నీటిలో ఒకసారి పట్టి చూడండి. ఎర్రబడితే అది పక్కకే. ఆరబెట్టాలంటే ముందు ఆమ్లం లేదని తేల్చుకున్నాకే, 60, 70 డిగ్రీల దగ్గర మంచి వాక్యూమ్‌లో, కలుపుతూ, నిదానంగా, హుడ్‌లో. ఇది చిక్కటి ద్రవం, నీళ్లు అడుగు నుంచి పైకి రావడానికి టైమ్ పడుతుంది, ఆ తొందరలోనే మనవాళ్లు బాత్ 120కి పెంచుతారు. టీజీఏ గ్రాఫ్, అంటే వేడి పెంచే కొద్దీ బరువు ఎంత తగ్గిందో చూపేది, చూపించి "ఇది 350 దాకా స్థిరం" అంటే నమ్మకండి. ఆ గ్రాఫ్ నిమిషానికి పది డిగ్రీల చొప్పున అరగంటలో తీసింది, పైగా పొడి నమూనాతో. మీరు రాత్రంతా పెట్టి ఇంటికి వెళ్తారు.

గ్లవ్స్ సంగతి: పలచని నైట్రైల్ గ్లవ్స్ అయానిక్ లిక్విడ్ చుక్కలకి ఫరవాలేదు, అనుమానం ఉన్న పీఎఫ్6, బీఎఫ్4లకి చాలవు. వాటికి మందపాటి నియోప్రీన్ లేదా బ్యూటైల్ రబ్బరు, లోపల నైట్రైల్. తగలగానే మార్చండి. కొన్ని అయానిక్ లిక్విడ్స్‌ని మందుల్ని చర్మం గుండా లోపలికి పంపడానికి వాడుతున్నారన్న సంగతి గుర్తుంచుకోండి. మీ ద్రవంలో కరిగి ఉన్నది ఏదైనా దానితో పాటే ప్రయాణం చేయొచ్చు.

మీరే తయారు చేయాల్సి వస్తే ఆమ్లం బదులు పొటాషియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ వాడండి, పని అవుతుంది, కొంచెం నిదానం. ఆ ముందు మెట్టు, మిథైల్ఇమిడజోల్‌కి హాలోబ్యూటేన్ కలిపే చోట, వేడి పుడుతుంది. పది గ్రాములప్పుడు తెలియదు. అదే పని అర కిలోకి, సాల్వెంట్ లేకుండా, అన్నీ ఒక్కసారే కలిపి చేస్తే ఫ్లాస్క్ లావా అవుతుంది. బ్రోమోబ్యూటేన్ అయితే మరీను. చుక్క చుక్కగా, థర్మామీటర్ లోపలే పెట్టి.

తగిలితే

వెంటనే ధారగా నీళ్లు, ఐదు నిమిషాలు. గ్లవ్స్, తడిసిన బట్టలు, ఉంగరం, వాచీ ఆ నీటి కిందే తీసేయండి. తర్వాత 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ పూసి రుద్దుతూనే ఉండండి, ఆసుపత్రికి వెళ్లే దారిలో కూడా. రాసేవాళ్లకీ గ్లవ్స్ ఉండాలి. జెల్ లేకపోతే నీళ్లు ఆపకండి. కంట్లో పడితే నీళ్లతో కనీసం పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి, జెల్ కంట్లో పెట్టకూడదు. ఫ్లోరైడ్ చర్మం దాటి లోపలికి పోయి ఒంట్లో కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఎక్కువ తగిలితే గుండె లయ తప్పుతుంది. అందుకే పైకి ఎర్రమచ్చే కనిపిస్తున్నా డాక్టర్‌కి "యాసిడ్ పడింది" అని చెప్పొద్దు, "హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, కాల్షియం చూడండి, ఈసీజీ తీయండి" అని చెప్పండి, డేటా షీట్ ప్రింట్ చేతిలో పెట్టండి. మామూలు యాసిడ్ అనుకుని బర్నాల్ రాసి పంపేసిన కేసు నేను దగ్గరగా చూశాను. రాత్రి పదకొండింటికి ఆ అబ్బాయి వేలిని ఐస్ నీళ్ల గ్లాసులో ముంచుకుని హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. గోరు కింద తెల్లగా ఉబ్బింది. రెండో ఆసుపత్రిలో కాల్షియం ఇచ్చాక తగ్గింది, గోరు మాత్రం పోయింది. వాడు చేసింది ఇంతే: మసకబారిన ఫ్లాస్క్‌ని చిరుగు ఉన్న గ్లవ్‌తో కడిగాడు.

జెల్ మన మందుల షాపుల్లో మామూలుగా దొరకదు. 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ మాత్రం చాలా ఆసుపత్రుల్లో ఉంటుంది. నీటిలో కలిసే లూబ్రికెంట్ జెల్లీ 75 మిల్లీలీటర్లకి ఆ ఇంజెక్షన్ ద్రవం 25 మిల్లీలీటర్లు కలిపితే 2.5 శాతం జెల్ వస్తుంది. మీ హెల్త్ సెంటర్ డాక్టర్‌ని అడిగి ముందే చేయించి, తేదీ రాసి పెట్టుకోండి. మా లాబ్‌లో ట్యూబ్ ఉండేది, బీరువాలో, తాళం స్టోర్‌కీపర్ దగ్గర, ఆయన ఐదింటికి వెళ్లిపోయేవారు.

ఇక మీ గైడ్ విషయం. పేపర్లు పట్టుకెళ్లి వాదించకండి, పనికిరాదు. నేను చేసింది చెబుతాను. మసకబారిన సీసాని మూతతో సహా రెండు ప్లాస్టిక్ జిప్ కవర్లలో పెట్టి, అదే కంపెనీ కొత్త ఖాళీ సీసా ఒకటి పక్కన పెట్టి, కిటికీ వెలుతురుకి పట్టి చూపించాను. "సార్, గాజు ఇలా అయింది, ఇంకేదైనా కారణం ఉంటుందా?" అని అడిగాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని రెండిటినీ కాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. ఏమీ అనలేదు. సాయంత్రం ఎన్‌టీఎఫ్2కి ఇండెంట్ రాసి టేబుల్ మీద పెట్టమన్నారు. రోటాకి కొత్త కండెన్సర్ కూడా అందులోనే రాయమన్నారు.